కారుకు గుర్రాలు పెంచాం.. వారంటీ పోయింది

కొలరాడో నుంచి న్యూమెక్సికోలోకి దిగే ఐ-25 హైవే మీద రటోన్ పాస్ అని ఒక కనుమ ఉంది. ఎత్తు 7,834 అడుగులు. పోయిన జులైలో మేం నలుగురం, డిక్కీ నిండా సామానుతో డాలస్‌కు తిరిగి వస్తూ ఆ కనుమ ఎక్కుతున్నాం. ఏసీ ఫుల్లుగా నడుస్తోంది. ముందున్న ట్రక్కును దాటదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు దగ్గినట్టుగా ఒక్కసారి ఊగింది. మళ్లీ తొక్కితే మళ్లీ ఊగింది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ లైటు నిలకడగా వెలిగితే వీలు చూసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కారు ఆపేయాలి. ఈ సంగతి నాకు తెలుసు. అయినా ఆపలేదు. రటోన్ ఊరు ఇంకో పదిహేను మైళ్లే కదా, కొండమీద ఎండలో పిల్లల్ని పెట్టుకుని ఎక్కడ నిలబడతాం అనుకుని నడిపేశాను. ఆ పదిహేను మైళ్లే నాకు చాలా ఖరీదయ్యాయి.

అసలు కథ అంతకు ఐదు నెలల ముందు మా గ్యారేజీలో మొదలైంది.

మావాడికి పదిహేడేళ్లు. స్కూల్లో రోబోటిక్స్ టీంలో ఉన్నాడు. వాడు నడుపుతాడనే ఉద్దేశంతో ఒక పాత టర్బో హ్యాచ్‌బ్యాక్ కొన్నాం. రెండు లీటర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, అప్పటికి 50 వేల మైళ్లు తిరిగింది. నెల తిరక్కుండానే వాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ‘‘నాన్నా, దీనికి స్టేజ్ 1 ట్యూన్ వేస్తే డెబ్బై హార్స్‌పవర్ పెరుగుతుందట. నట్టూ బోల్టూ ఏదీ మార్చక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే’’ అన్నాడు. వద్దన్నాను. కానీ ఆ ‘సాఫ్ట్‌వేర్ ఒక్కటే’ అన్న మాట నన్ను పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే మరి. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని చదివాను. చివరికి వద్దన్న నేనే ఆర్డర్ పెట్టాను. కేబులు, ఫైలు కలిపి ఆరొందల డాలర్ల చిల్లర.

చిప్ ట్యూనింగ్ అనే పేరు పాతకాలం నాటిది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో బాష్ కంపెనీ మోట్రానిక్ అనే వ్యవస్థను పెట్టింది. పెట్రోలు ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అనే రెండింటినీ ఒకే కంప్యూటర్ చూసుకోవడం అక్కడి నుంచి మొదలైంది. 1980ల్లో, 90ల్లో ఆ కంప్యూటర్ డబ్బా విప్పి, లోపలి మెమరీ చిప్‌ను ఊడబీకి వేరే చిప్ పెట్టేవాళ్లు. అందుకే ఆ పేరు. 1996 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కారుకూ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి అయ్యింది. ఇప్పుడు డబ్బా విప్పే పని చాలా కార్లకు లేదు. ఆ పోర్టుకు కేబులు తగిలించి కొత్త ఫైలు ఎక్కిస్తే అయిపోతుంది.

ఆ ఫైల్లో ఉండేవి ప్రధానంగా పట్టికలు. మనం ఎక్సెల్‌లో చూసేలాంటివే. అడ్డంగా ఇంజిన్ మీద పడే భారం, నిలువుగా ఆర్పీఎం, ఒక్కో గడిలో ఒక్కో అంకె. స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు కొట్టాలో ఒక పట్టిక చెబుతుంది, టర్బో గాలిని ఎంత ఒత్తిడితో నెట్టాలో మరొకటి. గేర్‌బాక్సు తట్టుకోవడానికి టార్క్ ఎక్కడ ఆగాలో చెప్పేది ఇంకొకటి. ట్యూనింగ్ అంటే ఈ గడుల్లో అంకెలు మార్చడం. టర్బో ఇంజిన్‌లో గాలి ఒత్తిడి పెంచి, దానికి తగ్గట్టు పెట్రోలు పెంచితే 20, 30 శాతం శక్తి నిజంగానే వస్తుంది. టర్బో లేని ఇంజిన్‌కు పెంచడానికి గాలే లేదు కాబట్టి ఐదు శాతం వస్తే గొప్ప. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత కామ్రీ, ఒడిస్సీ లాంటి వాటికి ట్యూన్ వేయించి డబ్బు తగలేయకండి. ఇంటర్నెట్‌లో ఇరవై డాలర్లకు అమ్మే, పోర్టులో గుచ్చగానే మైలేజీ పెరుగుతుందనే డబ్బాల జోలికి అసలు పోవద్దు. విప్పి చూసినవాళ్లకు అలాంటి వాటిలో లైట్లు మిణుకుమనిపించే చిన్న సర్క్యూట్ తప్ప ఏమీ దొరకని సందర్భాలున్నాయి.

మరి అంత శక్తి ఉంటే కంపెనీ ఎందుకు దాచిపెట్టింది? మావాడు అడిగింది ఇదే. ఆ రోజు నేను చెప్పిన జవాబు ‘మార్కెటింగ్’. అందులో కొంత నిజం లేకపోలేదు. టెస్లా 2019 చివర్లో మోడల్ 3 లాంగ్ రేంజ్ కారుకు 2,000 డాలర్లు కడితే వేగం పెంచే అప్‌డేట్ అమ్మింది. అప్పుడు మనవాళ్లు చాలామంది కొనుక్కున్నారు. కారులో ఒక్క మర కూడా మారలేదు. అయితే అక్కడ తాళం తీసింది కారు తయారుచేసిన కంపెనీయే. మోటారు, బ్యాటరీ ఎంత తట్టుకుంటాయో దానికి తెలుసు. ఏదైనా అయితే చూసుకునేదీ అదే.

పెట్రోలు ఇంజిన్‌లో వదిలిపెట్టిన ఆ మిగులు ఊరికే వదిలింది కాదని నాకు రటోన్‌లో అర్థమైంది. నిజానికి చిన్నప్పుడే అర్థం కావాల్సింది.

ఆటోనగర్ పాఠం

విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్యకు లారీ ఉండేది. వేసవి సెలవులకు వెళ్తే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లేవాడు. లోడు మీద లారీ ఘాట్ ఎక్కడం లేదంటే మేస్త్రి డీజిల్ పంపు దగ్గర ఒక స్క్రూను కొద్దిగా తిప్పేవాడు. అంతే, లారీ లాగేది. వెనకాల నల్లటి పొగ కూడా అంతే ధారాళంగా వచ్చేది. కొన్నాళ్లకు ఇంజిన్ బోరుకు వచ్చేది. మామయ్య మేస్త్రిని తిట్టేవాడు. మేస్త్రి నవ్వి, ‘‘లాగాలన్నావు, లాగించా. నిలవాలని చెప్పలేదుగా’’ అనేవాడు. స్కూటర్ కార్బురేటర్ స్క్రూ అర చుట్టు తిప్పి మైలేజీ రాబట్టిన అనుభవం మనలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. అదీ ట్యూనింగే. ఇప్పుడు స్క్రూ స్థానంలో గడి వచ్చింది. తేడా ఏమిటంటే, స్క్రూ ఎంత తిరిగిందో పొగ చూస్తే తెలిసేది. గడి సంగతి బయటికి కనిపించదు.

కంపెనీ మిగులు ఉంచేది మనలాంటి మామూలు మనుషుల కోసం. ఒకడు ఆయిల్ మార్చడం మరిచిపోతాడు. ఒకడు ప్రీమియం పోయాల్సిన చోట రెగ్యులర్ పోస్తాడు. ఒకడు ఫీనిక్స్ ఎండలో, ఒకడు మిన్నెసోటా చలిలో నడుపుతాడు. వీళ్లందరి దగ్గరా ఇంజిన్, గేర్‌బాక్సు, పొగను శుభ్రం చేసే పరికరాలు ఏళ్ల తరబడి నిలవాలి. ట్యూనర్ ఆ మిగులును వాడుకుంటాడు. అది వాడేశాక మనం మామూలు మనుషుల్లా అజాగ్రత్తగా ఉండటానికి వీల్లేదు.

నేను ఉన్నాను. డాలస్‌లో ప్రీమియం అంటే 93 ఆక్టేన్. నేను ఎక్కించింది 93 కోసం రాసిన ఫైలు. కొలరాడోలో ప్రీమియం అంటే మామూలుగా 91. అక్కడ అదే పోశాను, ఫైలు మార్చలేదు. ఆక్టేన్ తక్కువైతే స్పార్క్ రగిల్చిన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తాను అంటుకునే ప్రమాదం ఎక్కువ. దాన్నే నాకింగ్ అంటారు. దాన్ని పసిగట్టే సెన్సార్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ వెనక్కి తగ్గి సర్దుకుంటుంది, కానీ ఇంజిన్‌లో వేడి పెరుగుతుంది. కొండమీద గాలి పలుచన. అదే ఒత్తిడి తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. దానితో గాలి మరింత వేడెక్కుతుంది. వీటన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది. ఫైలుతో వచ్చిన సూచనల్లో మొదటి లైనే ‘స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేయండి, గ్యాప్ తగ్గించండి’ అని. పాత ప్లగ్గులు బాగానే ఉన్నాయి కదా, వచ్చే ఏడు చూద్దాంలే అని వాయిదా వేశాను. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు అరిగిన ప్లగ్గు గ్యాప్‌ను దాటి నిప్పురవ్వ దూకలేదు. అదే ఆ దగ్గు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలింది. లోపల తేనెపట్టులా ఉండే సిరామిక్ గూడు ఆ వేడికి కరిగిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు కొట్టుకునేది ఆ సంగతి చెప్పడానికే.

రటోన్‌లో ఒక రాత్రి మోటెల్‌లో ఉన్నాం. అక్కడి మెకానిక్ పాత ప్లగ్గు ఒకటి చేతిలో పెట్టి చూపించాడు గానీ ఏమీ అనలేదు. కొత్త ప్లగ్గులు, ఒక కాయిల్ వేశాడు. కారు ఊగడం ఆగింది. డాలస్ చేరేసరికి లైటు మాత్రం మళ్లీ వెలిగింది. ఈసారి నిలకడగా. కోడ్ పీ0420. కన్వర్టర్ పనిచేయడం లేదని అర్థం. మా కౌంటీలో కారు సేఫ్టీ తనిఖీ 2025 నుంచి ఎత్తేశారు గానీ ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల వాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఆ లైటుతో పరీక్ష పాస్ కాదు. పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. మాకు అక్టోబరులో గడువు.

ఆ రాత్రి గ్యారేజీలో

ఇక్కడే నేను చెప్పుకోవడానికి మొహమాటపడే భాగం వస్తుంది. అమెరికాలో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఫెడరల్ నిబంధనల ప్రకారం 8 ఏళ్లు లేదా 80 వేల మైళ్ల వారంటీ ఉంటుంది. చాలామందికి తెలియదు, గుర్తుపెట్టుకోండి. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా వర్తిస్తుంది. మా కారుకు ఐదేళ్లే, మైళ్లు 56 వేలు. అంటే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఉచితంగా మార్చాలి. కారులో కంపెనీ ఫైలు ఉన్నంతవరకూ.

కేబులు నా దగ్గరే ఉంది. పాత ఫైలు తిరిగి ఎక్కించడానికి పదిహేను నిమిషాలు. బ్యాటరీ చార్జర్ తగిలించి మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు తగ్గితే కంప్యూటర్ చచ్చి కూర్చుంటుంది, ఆఫీసులోలా రోల్‌బ్యాక్ బటన్ ఉండదు. మావాడు పక్కన కూర్చుని స్క్రీన్ మీద శాతం పెరగడం చూస్తున్నాడు. 60 శాతం దగ్గర అడిగాడు. ‘‘నాన్నా, ఇది ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు చేసిందే కదా?’’

ఆ కథ వాడికి చెప్పింది నేనే. 2015 సెప్టెంబరులో ఈపీఏ బయటపెట్టిన డీజిల్ మోసం. పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రం పొగను శుభ్రంగా వదిలే సాఫ్ట్‌వేర్ రాశారు. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా. ప్రపంచవ్యాప్తంగా దాదాపు కోటీ పది లక్షల కార్లు. దాని గుట్టు రట్టుకావడానికి దారితీసిన పరీక్షలు చేసిన వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందంలో హేమంత్ కప్పన్న, అరవింద్ తిరువెంగడం అనే ఇద్దరు భారతీయ ఇంజినీర్లు ఉన్నారు. కారు డిక్కీలో కొలిచే పరికరాలు పెట్టుకుని కాలిఫోర్నియా రోడ్లన్నీ తిరిగారు. మన పిల్లలకు చెప్పాల్సిన కథ అని డిన్నర్ దగ్గర కూర్చోబెట్టి మరీ చెప్పాను. కోడ్ రాసినవాడు అబద్ధమాడితే కారు కూడా అబద్ధమాడుతుందని అప్పుడు పెద్ద లెక్చర్ ఇచ్చాను.

‘‘అది వేరు, ఇది వేరు’’ అన్నాను. ఎలా వేరో వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఫైలు ఎక్కింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఇదంతా అంతరాత్మ ప్రబోధమేనని చెబితే అబద్ధమవుతుంది. సగం భయం వృత్తిపరమైనది. కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టే కౌంటర్ చాలా కార్లలో ఉంటుంది. పాత ఫైలు పెట్టినా ఆ లెక్క వెనక్కి రాదు. సర్వీస్ సెంటర్ కంప్యూటర్ ఫైలు చెక్‌సమ్‌ను కంపెనీ సర్వర్‌తో పోల్చి చూస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో ఇలా పట్టుబడ్డ కారుకు టీడీ1 అని ముద్ర పడుతుంది. అది పడ్డాక ఆ బ్రాండ్ డీలర్ దగ్గర ఎక్కడికి వెళ్లినా కనిపిస్తుంది. మా కారు ఆ కంపెనీది కాదు గానీ పద్ధతి అలాంటిదే. కాలిఫోర్నియాలో అయితే 2021 జులై నుంచి స్మాగ్ చెక్‌లోనే సాఫ్ట్‌వేర్ మార్చారేమో చూస్తున్నారు. అక్కడ ఉండే మనవాళ్లు, రాష్ట్ర ఎయిర్ బోర్డు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉన్న ట్యూన్ తప్ప వేరేది ముట్టుకోవద్దు.

పొద్దున్నే మావాణ్ని కూడా తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్ దగ్గర ఉన్నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ట్యూన్ వేశాం, ప్లగ్గులు మార్చలేదు, లైటు కొట్టుకుంటున్నా నడిపాం, నిన్న రాత్రి ఫైలు తీసేశాం. ఆయన టైప్ చేయడం ఆపి నా వైపు చూశాడు. వారంటీ రాదన్నాడు. వాదించలేదు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం బయటి వస్తువు వాడినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడానికి కుదరదు, ఆ వస్తువు వల్లే పాడైందని వాళ్లు చూపించాలి. మా కేసులో చూపించే పని కూడా లేకుండా నేనే చెప్పేశాను. స్టీరింగ్, ఏసీ లాంటి వాటికి వారంటీ ఉంటుందని ఆయనే రాసిచ్చాడు. కన్వర్టర్, కూలీ కలిపి 2,640 డాలర్లు. రటోన్ ఖర్చు వేరే. మా ఆవిడ ఆ బిల్లును ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంత జరిగాక కూడా ట్యూనింగ్ పాపమని నేను అనను. ఆ ఐదు నెలలు కారు నడపడం ఎంత బాగుందో దాచడం ఎందుకు? టోల్‌వే మీదకు ఎక్కేటప్పుడు కాలు అలా ఆనిస్తే చాలు, సీటులోకి నొక్కుకుపోయేవాళ్లం. వారంటీ అయిపోయిన కారు, మంచి స్థితిలో ఉన్న ఇంజిన్, కొత్త ప్లగ్గులు, మీ ఊళ్లో దొరికే ఆక్టేన్‌కు రాసిన ఫైలు ఉంటే, ఆ ఖర్చు భరించగలిగితే, వేయించుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎంత టార్క్ తట్టుకుంటుందో ముందే కనుక్కోండి, దాని రిపేరు ఇంజిన్ రిపేరు కంటే తక్కువేమీ కాదు. కన్వర్టర్ పీకేయడం, డీజిల్ పికప్‌ల ఫిల్టర్లు తీసేయడం మాత్రం వేరే సంగతి. అది క్లీన్ ఎయిర్ యాక్ట్‌కు విరుద్ధం. పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో పొగ నియంత్రణ పరికరాలు తీసేశారని ఈపీఏ 2020లో లెక్కకట్టింది. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అమెరికా ఫోరమ్‌లు చూసి ఫైలు ఎంచుకోవద్దు. అక్కడి ఆక్టేన్ లెక్క వేరు. అమెరికా 91 ఇంచుమించు అక్కడి 95కు, 93 అక్కడి 98కు సమానం. పైగా అక్కడి ఎండకు టర్బోకు దొరికేది మొదటి నుంచే వేడిగాలి. బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే కారులో మార్పులు చేశారా అని అడుగుతారు. అక్కడ లేదని చెప్పి తర్వాత పట్టుబడితే క్లెయిమ్ చేతికి రాకపోవచ్చు. అమెరికాలో కూడా ఏజెంట్‌కు ఒక ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోవడం మంచిది. ముఖ్యంగా ఇంట్లో టీనేజీ డ్రైవర్ ఉంటే. ఇండియాలో అన్నయ్యకో బావగారికో కేబులు పంపుదామనుకునేవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది.

కారు ఇప్పుడు కంపెనీ ఫైలుతోనే నడుస్తోంది. ఎమిషన్ పరీక్ష ఒకటికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఫైలు మార్చగానే లోపలి పరీక్షలన్నీ సున్నాకు వెళ్తాయి. మళ్లీ కొన్ని రోజులు నడిపాక గానీ సిద్ధం కావు. ఇది తెలియక మొదటిసారి వెనక్కి పంపించేశారు. 93 ఫైలు లాప్‌టాప్‌లో ఇంకా ఉంది. 80 వేల మైళ్లు దాటాక వేద్దామా అని మావాడు అప్పుడప్పుడూ ఆరా తీస్తుంటాడు. ప్లగ్గుల డబ్బులు వాడి సమ్మర్ జాబ్ నుంచి ఇస్తాడట.

దసరాకు విజయవాడ ఫోన్ చేసినప్పుడు మామయ్యకు ఇదంతా చెప్పాను. ఆయనకు డెబ్బై దాటాయి, లారీ అమ్మేసి చాలా ఏళ్లయింది. మొత్తం విని ఒక్కటే అడిగాడు.

‘‘ఒరేయ్, పొగ ఎంత వచ్చింది?’’

‘‘పొగేం రాలేదు మామయ్యా. లైటు కొట్టుకుందంతే.’’

‘‘మరి లైటు కొట్టుకుంటుంటే బండి ఎందుకు ఆపలేదురా?’’ అన్నాడు.